గురుముఖమును యంత్రముఖమును: కోనసీమ విద్యాచరిత్ర నుండి కొన్ని విషయములు



మన సంఘ వార్షిక మహాసభా సందర్భమున వెలువడు ఈ సంచికకు ఏదైన నొక చరిత్రవ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరియున్నారు. మన పెద్దలు కట్టించిన సత్రములను గూర్చియో, వారిచ్చిన భూదానములను గూర్చియో వ్రాయుదమని తొలుత తలపోసితిమి. ఇంతలో మన విద్యార్థి వసతిగృహమును గూర్చిన తీర్మాన మొకటి మహాసభ ముందునకు రానున్నదని తెలిసినది. వసతిగృహమున సాయంకాలము పాఠములు చెప్పుచున్న ఇద్దఱు ఉపాధ్యాయుల గౌరవవేతనమును నిలిపివేసి, ఆ ధనముతో పిల్లలకు ట్యాబులు కొని, వానిలోని పాఠములతోనే చదివింపవలె ననునది ఆ తీర్మాన సారాంశము. దాతలలో కొందఱు దీనిని గట్టిగా కోరుచున్నారు. కొందఱు అంతే గట్టిగా కాదనుచున్నారు. ఇరుపక్షములవారును పిల్లల మేలు కోరువారే. కావున ఈ విషయమున గడచిన కాల మేమి చెప్పుచున్నదో విన్నవించుట మావంటి విశ్రాంతోపాధ్యాయులకు తగిన పని యని యెంచి, సత్రముల కథను మఱియొక సంవత్సరమునకు వాయిదా వేసితిమి.

విద్య ఒక్క గురువు వలననే రాదనియు, స్వబుద్ధియు, తోడి విద్యార్థులును, కాలపరిపాకమును అందు సమాన భాగస్వాము లనియు మన పెద్దలు చెప్పుచుండిరి. ఇప్పుడు అయిదవ భాగస్వామి యొకడు వచ్చి గుమ్మమున నిలిచినాడు. వానిని ఎక్కడ కూర్చుండబెట్టవలెనో నిర్ణయింపవలసిన దినము మనకు వచ్చినది.

సంత చెప్పిన అరుగులు

గౌతమీ వసిష్ఠ శాఖల నడుమ సముద్రము వఱకు వ్యాపించిన ఈ సీమ 2022 వ సంవత్సరము ఏప్రిలు 4 వ తేదీన అమలాపురము ముఖ్యపట్టణముగా ప్రత్యేక జిల్లా యైనది. అంతకు ఎంతో పూర్వము నుండియే ఇది వేదవిద్యకు పేరుగన్న చోటు. ఇక్కడి అగ్రహారములలో వేదము చెప్పుటకు "సంత చెప్పుట" యని పేరు. గురువు ఒక మారు పలుకును. శిష్యుడు రెండు మారులు పలుకును. స్వరము తప్పెనా, గురువు ఆ క్షణముననే ఆపి సరిదిద్దును. సంహిత వచ్చిన పిమ్మట పదము, క్రమము, జట, ఘనము అని ఆ పాఠమునే వేఱువేఱు వరుసలలో అల్లి చెప్పింతురు. ఒక గురువు నొద్ద ఒకడో ఇద్దఱో శిష్యులుందురు. పాడ్యమి, అష్టమి మొదలగు తిథులు అనధ్యాయములు. ఆ దినములలో క్రొత్తపాఠము లేదు. అమెరికా దేశమందలి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ నైప్ ఈ గోదావరి డెల్టాలోని పండితకుటుంబములతో అనేక సంవత్సరములు పరిచయము చేసికొని, వారి జీవితకథలను 2015 లో గ్రంథముగ ప్రకటించినాడు.

ఈ పద్ధతిలో గమనింపదగినవి మూడు కలవు. పాఠము ఒక్కొక్క శిష్యుని శక్తిని బట్టి నడచును. తప్పు పుట్టిన చోటనే దిద్దబడును. నేర్చినది మఱల మఱల వల్లె వేయబడును. నేటి విద్యాశాస్త్రజ్ఞులు ఎంతో పరిశోధించి కొనియాడుచున్నవియు ఈ మూడే.

అయితే సత్యమును దాచరాదు. ఆ అరుగుల మీదికి అందఱు పిల్లలును ఎక్కుటకు వీలుండెడిది కాదు. కులము చేత కొందఱు, ఆడుపిల్లలగుట చేత కొందఱు, పేదఱికము చేత మఱికొందఱు వాకిటనే నిలిచిపోయిరి. కులసంఘములు పుట్టి వసతిగృహములు కట్టుటకు ఈ వెలితియే ముఖ్యకారణమని మన సభ్యులు మఱవరాదు. ఒక్క శిష్యునకు ఒక్క గురువను భాగ్యమును అందఱికి పంచుట యెట్లు? ఈ రెండువందల యేండ్ల విద్యాచరిత్ర యంతయు ఈ ప్రశ్న చుట్టునే తిరుగుచున్నది.

వీధిబడియు బాలోపాధ్యాయులును

చెన్నపురి గవర్నరైన సర్ తామస్ మన్రో 1822 వ సంవత్సరము జూను 25 వ తేదీన, ఒక్కొక్క జిల్లాలో ఎన్ని బడులున్నవో లెక్క వ్రాసి పంపుడని కలెక్టరులను ఆదేశించెను. ఆ లెక్కలన్నియు చేరిన పిమ్మట 1826 మార్చి 10 న ఆయన వ్రాసిన నివేదికలో రాజధాని మొత్తమున 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును కనబడుచున్నారు. ఆనాటి రాజమహేంద్రవరము జిల్లాలో మన కోనసీమయు చేరియుండెను. ఆ జిల్లాలో శాస్త్రములు చెప్పు ఉన్నతవిద్యాస్థానములు 279 యనియు, అందు చదువువారు 1,454 మంది యనియు కలెక్టరు వ్రాసెను. రాజధానిలో మఱి యే జిల్లాలోను అన్ని లేవు. భాగించి చూచినచో ఒక్కొక్క చోట సగటున అయిదుగురు శిష్యులు. అనగా మన సీమలో ఉన్నతవిద్య యంతయు ఇంచుమించు గురువు ప్రక్కన కూర్చుండి నేర్చినదే.

ఆ లెక్కలలోనే మఱియొక వింత కలదు. చెన్నపట్టణమున బడిలో చదువువారి కంటె ఇంటియొద్ద తండ్రి వలననో, బంధువుల వలననో, జీతమునకు కుదిరిన పంతులు వలననో చదువువారు ఇంచుమించు అయిదింతలు, ఇరువదియాఱు వేలకు మించి కలరని అక్కడి కలెక్టరు వ్రాసెను. మన్రో ఆ సంఖ్యను సంపూర్ణముగ నమ్మలేదు. అయినను ఇప్పుడు మనము "ప్రైవేటు" అనునది నిన్న మొన్న పుట్టిన అలవాటు కాదని మాత్రము దీనివలన తెలియుచున్నది.

సామాన్యుల పిల్లలకు వీధిబడియే గతి. ఒకరి అరుగు మీద, ఒక్క పంతులు క్రింద, అయిదేండ్లవాడును పదునాలుగేండ్లవాడును కలిసి కూర్చుండిరి. చిన్నవాడు ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దును. పెద్దవాడు ఎక్కములు అప్పజెప్పును. ఇంతమందికి పంతులు ఒక్కడెట్లు చాలును? కావున గుణింతము వచ్చినవాడు రానివానికి చెప్పుచుండెను. ఈ యేర్పాటు ఎవరును శాస్త్రముగ వ్రాసినది కాదు. అవసరమే దానిని పుట్టించినది.

దానిని శాస్త్రముగ వ్రాసినవాడు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు. 1789 మొదలు చెన్నపట్టణపు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు అధికారిగా నున్నపుడు, ఈ దేశపు బడిపిల్లలు ఇసుకలో వ్రాయుట ఆయన కంటబడెను. తన బడి ఉపాధ్యాయులు ఆ పద్ధతికి ఒప్పుకొనకపోగా, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలుని అక్షరముల తరగతికి ఉపాధ్యాయునిగ నియమించెను. పని నెఱవేఱెను. 1797 లో బెల్ లండనులో దీనిని గూర్చి పుస్తకము ప్రకటింపగా, ఇంగ్లండులో బీదపిల్లల బడులు అనేకము ఈ పద్ధతిని అవలంబించినవి. దానికి అక్కడ "మద్రాసు పద్ధతి" యనియే పేరు వచ్చినది. మన అరుగుల మీది ఇసుక సముద్రము దాటి పోయినదనిన అతిశయోక్తి కానేరదు.

వీధిబడి దోషములను గూడ చెప్పవలెను. కోదండము వేయుట, గోడకుర్చీ, తొడపాశము, గుంజీళ్ళు మొదలైన శిక్షలకు వెఱచి బడి మానినవారు లెక్కకు మిక్కిలి. చదువు రానివానిని పదిమంది యెదుట నవ్వులపాలు చేయుట చదువు చెప్పుటలో నొక భాగమని ఆనాటివారు నమ్మిరి. ఆ నమ్మిక వీధిబడితో అంతరింపలేదు. దీనిని గూర్చి ముందు చెప్పుదుము.

గ్రంథాలయమును ఆకాశవాణియు

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874 లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించుటతో గోదావరీతీరమున ఆడుపిల్లల చదువునకు దారి యేర్పడెను. 1914 లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన తరువాత ఊరూర పఠనమందిరములు వెలసినవి. అమలాపురమున 1951 లో కళాశాల వచ్చుటతో ఈ సీమ పిల్లలకు డిగ్రీచదువు గడప దగ్గఱకు చేరెను. ఇవి యన్నియు విద్యను పంచిన మార్గములే. కాని పుస్తకము తాను చెప్పదలచినది చెప్పును; చదువువాని తప్పును వినదు.

1948 డిసెంబరు 1 న ఆకాశవాణి విజయవాడ కేంద్రము ఆరంభమైనది. మా బాల్యమున ఆ కేంద్రమువారు ప్రసారము చేయుచుండిన సంస్కృతపాఠమును రేడియో దగ్గఱ కూర్చుండి వినుచుండెడివారము. సంస్కృతమునందు మాకు తొలి మక్కువ కలిగినది ఆ కంఠము వలననే యని చెప్పుటకు సంతసించుచున్నాము. అయినను విభక్తి తప్పినపుడు ఆ పెట్టె మమ్ము ఆపలేదు. ఆపినవారు మా గురువుగారే. వినిపించు యంత్రము వేఱు, విను యంత్రము వేఱు అని మాకు ఆనాడే స్ఫురించినది.

విను యంత్రము పుట్టిన కథ

శిష్యుని జవాబును విని తగిన మాట చెప్పు యంత్రమును చేయవలెనను కోరిక అమెరికా దేశమున 1920 ప్రాంతములనే పుట్టినది. ఓహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున సిడ్నీ ప్రెస్సీ ప్రశ్న చూపి, సరియైన మీట నొక్కినగాని ముందునకు జరుగని చిన్నయంత్ర మొకటి చేసెను. 1953 లో బి. ఎఫ్. స్కిన్నరు అను మనశ్శాస్త్రజ్ఞుడు తన కుమార్తె చదువు తరగతికి పోయి లెక్కల పాఠము చూచెను. చేసిన లెక్క తప్పో ఒప్పో పిల్లలకు వెంటనే తెలియుట లేదు. వచ్చినవాడు పనిలేక కూర్చుండెను, రానివాడు తోచక కూర్చుండెను. అది చూచి ఆయన బోధనయంత్ర నిర్మాణమునకు పూనుకొనెను. 1960 లో ఇలినాయి విశ్వవిద్యాలయమున "ప్లేటో" అను కంప్యూటరు విద్యాపద్ధతి ఆరంభమైనది. 1966 లో స్టాన్‌ఫర్డు ఆచార్యుడు పాట్రిక్ సప్పీస్, అలెగ్జాండరు వంటి రాజకుమారునకు మాత్రమే దొరికిన అరిస్టాటిలు వంటి గురువు ఇకమీదట లక్షలాది పిల్లలకు యంత్రరూపమున దొరకునని ఆశించెను.

1984 లో బెంజమిన్ బ్లూమ్ అను విద్యాశాస్త్రజ్ఞుడు, ఒంటరిగా గురువు నొద్ద నేర్చిన సామాన్యవిద్యార్థి, తరగతిలో కూర్చుండి నేర్చిన నూటికి 98 మందిని మించుచున్నాడని వ్రాసెను. ఆ మాట లోకమంతట వ్యాపించినది. 2011 లో కర్ట్ వాన్‌లేన్ అను పరిశోధకుడు అనేక పరీక్షల ఫలితములను కూర్చి చూడగా, మానవగురువు వలన మేలు నిజమే గాని బ్లూము చెప్పినంత కాదనియు, తుదిజవాబును మాత్రమే గాక లెక్కలోని ప్రతిమెట్టును పరిశీలించు యంత్రము మానవగురువునకు ఇంచుమించు సమానమగు ఫలమిచ్చుచున్నదనియు తేలెను. సంత పద్ధతి యెఱిగినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. మేలు కలిగించునది తప్పును పుట్టిన చోటనే పట్టుకొనుట. గురువు పట్టినను, యంత్రము పట్టినను పట్టుటయే ప్రధానము.

అక్షరము నేర్చిన పెద్దలు

ఈ చరిత్రలో తెలుగువారికి చెందిన ఘట్టమొకటి కలదు. 1988 లో జాతీయ సాక్షరతా ఉద్యమము ఆరంభమైన తరువాత ఊరూర రాత్రిబడులు వెలసినవి. పగలంతయు కూలిచేసి వచ్చిన పెద్దలకు రాత్రి లాంతరు ముందు అ ఆలు దిద్దుట కష్టమయ్యెను. ఓపిక లేక మానినవారు కొందఱు, సిగ్గుచే మానినవారు కొందఱు. ఈ దేశమున కంప్యూటరు పరిశ్రమకు ఆద్యుడని పేరొందిన ఫకీర్ చంద్ కోహ్లీగారి (వీరు 2020 లో స్వర్గస్థులైరి) పూనికచే టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ పెద్దలకు చదువు నేర్పు కంప్యూటరు పాఠము నొకదానిని సిద్ధపఱచినది. అది తొలుత తెలుగుననే తయారైనది. 2000 వ సంవత్సరము ఫిబ్రవరిలో మెదకు జిల్లా బీరంగూడ గ్రామమున దానిని ప్రయోగించి చూచిరి. ఆ గ్రామము నేడు సంగారెడ్డి జిల్లాలోనిది.

అందు అక్షరములతో గాక పెద్దలకు వాడుకలోనున్న మాటలతో పాఠము మొదలగును. మాటయొక్క రూపము తెరమీద కనబడును, ధ్వని వినబడును, పిమ్మట ఆ మాట అక్షరములుగ విడివడును. చదువుటకే ప్రాధాన్యము, వ్రాయుట తరువాతిది. కార్యాలయములలో పాతబడి మూలబడిన కంప్యూటరులే దానికి చాలినవి. సుమారు 40 గంటల అభ్యాసముతో వార్తాపత్రికలోని సులభవాక్యములు చదువగల శక్తి కలుగుచున్నదని ఆ సంస్థవారు ప్రకటించిరి. పిమ్మట ఇతర భారతీయభాషలకును ఆ పాఠము వ్యాపించినది.

ఇందు మఱవరాని సంగతి యొకటి. ఆ కేంద్రములలో యంత్రము ప్రక్కన ప్రేరకుడను మనిషి యొకడు ఉండెను. అతడు పండితుడు కానక్కఱలేదు. పెద్దలను ఇంటినుండి పిలుచుకొని వచ్చుట, సంశయము తీర్చుట, మానినవానిని మఱల రప్పించుట అతని పని. పాఠము యంత్రము చెప్పెను. బడికి రప్పించినవాడు మనిషి.

బాలుర విషయమున జరిగిన పరీక్షలు

ఇక పిల్లల మాట. గుజరాతు రాష్ట్రపు వడోదరలో 2000 తరువాతి సంవత్సరములలో ఆర్థికశాస్త్రజ్ఞులు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో మొదలగువారు పరీక్ష లొనర్చి 2007 లో ఫలితములు ప్రకటించిరి. ఒక పరీక్షలో, చదువున వెనుకబడిన 3, 4 తరగతుల పిల్లలను ఇరువదిమందికి మించకుండ వేఱు చేసి, ఆ పేటలోనే చదువుకొన్న యువతి చేత దినమునకు రెండు గంటలు పాఠము చెప్పించిరి. మఱియొక పరీక్షలో, 4 వ తరగతి పిల్లలను ఇద్దఱిద్దఱిని ఒక్కొక్క కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి, వారమునకు రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించిరి. రెండింట మేలు కనబడినది. లెక్కలయందు కంప్యూటరు మేలు ఎక్కువ. కాని పరీక్షలు ఆపిన సంవత్సరమునకు ఆ మేలు చాలవఱకు తరిగిపోయెను. వల్లె వేయుట మానినచో వచ్చిన పాఠమును పోవునని మన పెద్దలకు తెలియనిదా?

2015 లో ఢిల్లీ నగరమున కార్తీక్ మురళీధరన్ మొదలగువారు మఱియొక పరీక్ష జరిపిరి. ఆఱవ తరగతి చదువు సామాన్యవిద్యార్థి లెక్కలలో రెండున్నర తరగతులు వెనుకబడి యున్నాడని తొలుత తేలెను. అనగా ఉపాధ్యాయుడు పుస్తకమును బట్టి చెప్పు పాఠము అతని తల మీదుగా పోవుచున్నది. అక్కడ సాయంకాల కేంద్రములలో పిల్లలు వారమునకు ఆఱు దినములు, దినమునకు గంటన్నర చదివిరి. అందు 45 నిమిషములు కంప్యూటరు ముందు, తానున్న మెట్టు నుండి. తక్కిన 45 నిమిషములు పదునైదుగురు పిల్లల జట్టుగా మనిషి నొద్ద. నాలుగున్నర నెలలలో లెక్కలయందును హిందీభాషయందును మంచి వృద్ధి కనబడెను. మన వసతిగృహమునకు మిక్కిలి దగ్గఱగా నున్న ఉదాహరణము ఇదియే గనుక సభ్యులు దీనిని గుర్తుంచుకొనవలెను. ఆ కేంద్రములలో మనిషిని తీసివేయలేదు.

పసిపిల్లల విషయమున యంత్రము ఇంకను బలహీనము. 2003 లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున పట్రీషియా కూల్ అను విదుషి తొమ్మిది నెలల శిశువులకు చీనాభాష వినిపించినది. ఎదుట కూర్చుండి మాటలాడిన మనిషి వలన శిశువులు ఆ ధ్వనులను పోల్చుకొనిరి. అవే మాటలు తెరమీద చూపినపుడు ఏమియు నేర్వలేదు. మన యిండ్లలో ఫోను చేతికిచ్చి బిడ్డ నోరు మూయించు తల్లిదండ్రులు ఈ పరీక్షను తెలిసికొనదగును.

2020 మార్చిలో కోవిడు మహమ్మారి వలన బడులు మూతపడగా, దూరదర్శన్ ద్వారమునను ఫోనుల ద్వారమునను పాఠములు నడచినవి. లంకగ్రామములలో మేము చూచినది చెప్పుచున్నాము. ఇంటికి ఒక్కటే ఫోను. అది తండ్రి జేబులో పొలమునకో రేవునకో పోవును. అతడు వచ్చునప్పటికి పిల్లవాడు నిద్రపోవును. తరువాత 2022 డిసెంబరులో మన రాష్ట్రప్రభుత్వము 8 వ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును కలిపి అయిదు లక్షలకు పైబడిన ట్యాబులు పంచినది. యంత్రము లేదను కొఱత అంతకంతకు తగ్గుచున్నది. ప్రక్కన కూర్చుండువారు లేరను కొఱత అట్లేయున్నది.

మాటలాడు యంత్రము

2022 నవంబరు 30 న చాట్‌జీపీటీ యను కృత్రిమమేధ లోకమునకు విడుదలయైనది. అది మొదలు, అడిగిన ప్రశ్నకు తెలుగుననైనను జవాబు చెప్పు యంత్రములు ప్రతి ఫోనులోను చేరినవి. వసతిగృహపు పెద్దపిల్లలు ఇంటిపనిని వీని చేత చేయించుకొనుచున్నారని మాకు తెలియును. వారికిని మాకు తెలియునని తెలియును.

ఈ విషయమున టర్కీ దేశమున 2023 లో జరిగిన పరీక్ష యొకటి మిక్కిలి బోధకరము. ఒక ఉన్నతపాఠశాలలో సుమారు వేయిమంది విద్యార్థులకు లెక్కల అభ్యాసములో ఈ యంత్రమును తోడిచ్చిరి. అడిగినదానికి జవాబు చెప్పివేయు యంత్రము దొరికినవారు, అభ్యాసమున ఏ తోడు లేనివారి కంటె నూటికి 48 వంతులు మెఱుగుగ చేసిరి. పిమ్మట యంత్రమును తీసివేసి పరీక్ష పెట్టగా, తోడు లేనివారి కంటె వారు నూటికి 17 వంతులు తక్కువ తెచ్చుకొనిరి. మఱియొక జట్టునకు ఇచ్చిన యంత్రము జవాబు చెప్పక, ఉపాధ్యాయులు ముందుగా వ్రాసి యిచ్చిన సూచనలను మాత్రమే మెల్లగ అందించునది. ఆ జట్టు అభ్యాసమున మఱింత మెఱుగుగ చేసినది. యంత్రమును తీసివేసినను పరీక్షలో నష్టపడలేదు.

కఱ్ఱ పట్టుకొని నడచువానికి కాలికి బలము రాదు గదా. జవాబు చేతికిచ్చు గురువు మానవుడైనను శిష్యుని చెఱచును. పిల్లలకు ప్రశ్నజవాబులు బట్టీపట్టించు ప్రైవేటు మాష్టరులు మన ఊళ్ళలో చిరకాలముగ చేయుచున్న పని అదియే. కావున ఈ దోషమును యంత్రము నెత్తిననే వేయుట న్యాయము కాదు.

మా తప్పు

ఇచట మా తప్పు నొకదానిని చెప్పుకొనక తప్పదు. సుమారు ముప్పది యేండ్ల క్రిందట మేము పనిచేయుచుండిన బడిలో పదవతరగతి బాలు డొకడు తెలుగుపాఠము చదువలేక నిలుచుండెను. అక్షరములు కూడబలుకుకొనుచున్నాడు. పదవతరగతికి వచ్చి గుణింతము రాదా యని తరగతి యంతయు నవ్వునట్లు మేమొక మాట యంటిమి. ఆ మఱునాటి నుండి అతడు బడికి రాలేదు. కొబ్బరికాయల ఒలుపు పనికి పోయెనని తరువాత తెలిసినది. ఇంటికి పోయి పిలువవలెనని రెండుమూడు మారులు అనుకొంటిమి, పోలేదు.

మేము పదవీవిరమణ చేసిన తరువాత అంబాజీపేటలో ఒక కొబ్బరిదుకాణము ముందు అతడే మమ్ము పోల్చి నమస్కరించెను. "మాష్టారూ, ఇప్పుడు నేను పేపరు చదువుతానండి" అని చెప్పెను. ఎట్లు నేర్చితివని అడుగగా, కూతురు బడి పుస్తకములు ముందు పెట్టుకొనెననియు, రాని మాటను ఫోనునకు చూపించిన అది చదివి వినిపించుననియు, అది వినుచు అక్షరము వెంబడి వ్రేలు పెట్టి నడచితి ననియు, తడబడినచోట కూతురు దిద్దెననియు చెప్పెను. "ఫోనుకి విసుగు రాదండి. ఎన్నిసార్లు అడిగినా నవ్వదు" అని కూడ అనెను. అతడు ఎత్తిపొడుపుగ అనలేదు. అయినను ఆ మాట మాకు తగిలినది.

ఆ దినము నుండి మేము ఈ యంత్రములను గూర్చి తేలికగ మాటలాడుట మానితిమి. మేము నలువది నిమిషములలో చెడగొట్టినదానిని ఒక యంత్రమును, ఒక చిన్నపిల్లయు కలిసి బాగుచేసినవి. యంత్రమునకు విసుగు లేదు, కావున రానివానికి దాని ముందు సిగ్గు లేదు. కాని బడి మానిన బాలుని యింటికి పోయి పిలుచుకొని వచ్చుట యంత్రమునకు చేతకాదు. అది మేము చేయవలసిన పని, చేయలేదు. గురువునకు యంత్రము పోటీ యగునా యని అడుగువారికి, గురువు తన పని తాను చేయుచున్నాడా యని ముందుగ అడుగుకొనుడని మా మనవి.

మహాసభకు విన్నపము

ఇంతవఱకు చెప్పిన చరిత్ర నుండి మాకు తోచిన సంగతులను మహాసభవారి యెదుట ఉంచుచున్నాము.

అయిదవతరగతి లోపు పిల్లలకు మనిషియే గురువు. వారికి చదువనగా కంఠము, చూపు, చేయిపట్టి దిద్దించుట. మన వసతిగృహపు అరుగు మీద సాయంకాలము కూర్చుండు చుట్టుపట్ల చిన్నపిల్లలకు ట్యాబు అక్కఱలేదు.

ఆఱు మొదలు పదవతరగతి వఱకు గల పిల్లలకు రెండును కావలెను. ప్రతివాడును ఏ మెట్టున వెనుకబడెనో కనిపెట్టి అక్కడనుండి అభ్యాసము చేయించుట ఇద్దఱు ఉపాధ్యాయులకు సాధ్యము కాదు. ఆ పని యంత్రము చేయగలదు. అయితే పిల్లవానికొక ట్యాబు వద్దు. నలుగురికొకటి చాలును. ఒక జట్టు ట్యాబు ముందున్నపుడు తక్కినవారు ఉపాధ్యాయుని ముందుందురు. వచ్చినవాడు రానివానికి చెప్పు మన వీధిబడి మర్యాదను గూడ నిలుపుదురు గాక. జవాబు చెప్పివేయు యంత్రమును అభ్యాసవేళ దూరముగ నుంచవలెను.

చదువు రాని పెద్దలు మన ఊళ్ళలో ఇంకను కలరు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా అక్షరాస్యత నూటికి సుమారు 71 మాత్రమే. ఆ మిగిలిన వారిలో మన తల్లులును అక్కచెల్లెండ్రును కలరు. ఆదివారము మధ్యాహ్నము ఆ ట్యాబులనే వారికి విడిచి, పై తరగతి బాలికలను ప్రక్కన కూర్చుండబెట్టినచో వ్యయము లేకయే ఒక బడి యేర్పడును. పెద్దలయందే యంత్రము ఎక్కువ శీఘ్రముగ ఫలించునని బీరంగూడ కథ చెప్పుచున్నది.

కావున ఆ ఇద్దఱు ఉపాధ్యాయులను తీసివేయవలదనియు, వారి వేతనము నిలిపి యంత్రములు కొనుటకు బదులు దాతలు యంత్రములకు వేఱుగ విరాళ మీయవలె ననియు ప్రార్థించుచున్నాము. ఇప్పుడు ఒకమారును, సంవత్సరాంతమున మఱియొకమారును వసతిగృహముతో సంబంధము లేనివారి చేత పిల్లలకు చదువుటలోను లెక్కలలోను పరీక్ష పెట్టించి, ఫలితము లెట్లున్నను వచ్చు మహాసభలో చదివి వినిపింపవలెను. మా అభిప్రాయము తప్పని తేలినచో మేమే లేచి ఒప్పుకొందుము.

వసతిగృహమునకు సాయంకాలము పోయి పిల్లలలో ఒక్కరి ప్రక్కన అరగంట కూర్చుండుటకు మన సంఘమున విశ్రాంతి పొందిన ఉద్యోగులు, చదువుకొన్న గృహిణులు అనేకులు కలరు. మేము వచ్చు సోమవారము నుండి పోవుటకు నిశ్చయించుకొంటిమి. మాతో వచ్చువారు తమ పేరు కార్యదర్శిగారికి తెలుపుదురు గాక.

మన పిల్లలకు విద్యాభివృద్ధియు, మహాసభకు జయమును కలుగుగాక.

శుభమ్.